గండన్నను పడగొట్టాలి

సీతాఫల్‌మండిలో సోమయ్య పిండిగిర్ని తిరుగుతున్నంతసేపూ, పై అంతస్తులో ఏ వీరుడూ కత్తి ఎత్తడానికి వీల్లేదు. కింద మోటరు మొదలైందంటే చాలు, పైన కంప్యూటర్ తెర మీది బొమ్మలకు చలిజ్వరం పట్టుకుంటుంది. రాక్షసుణ్ణి చీల్చి చెండాడాల్సిన చెయ్యి గజగజ వణుకుతుంది. అందుకని అతియా తన గేమ్‌లోని యుద్ధాలన్నిటికీ సోమయ్య అన్నం తిని కునుకు తీసే వేళనే ముహూర్తంగా పెట్టుకుంది. ఒంటిగంట నుంచి మూడింటి దాకా. మూడింటికి మోటరు మళ్లీ మొదలైతే రాత్రి తొమ్మిది వరకు ఆగదు.

అతియా, కల్పలత కాలేజీనాటి స్నేహితులు. ఉద్యోగాలు మానేసి, గిర్ని పైన రెండు గదులు కిరాయికి తీసుకుని, రెండేళ్లుగా 'మబ్బుకోట' అనే వీడియో గేమ్ తయారు చేస్తున్నారు. అందులో సింగ అనే పదహారేళ్ల పిల్లవాడు మబ్బుల మీద కట్టిన కోటలోకి వెళ్లి, వానలన్నిటినీ లోపల పెట్టి తాళం వేసుకున్న రాక్షసుడితో తలపడతాడు. వాడికి నిలబడటం దగ్గరి నుంచీ సమస్తం నేర్పేది వాడి అన్న గండన్న. అన్నీ నేర్పాక, కోటకు పోయే వంతెనకు అడ్డంగా నిలబడేదీ ఆ గండన్నే. "నన్ను పడగొట్టినోడే రాక్షసుని దగ్గరికి పోవాలె" అంటాడు. అన్న వీపు నేలకు తగిలితేనే తమ్ముడికి దారి.

సింగ ఎట్లా నడవాలి, గండన్న ఎట్లా పట్టు పట్టాలి అన్నవి కూర్చుని బొమ్మ గీస్తే రావు. నిజం మనిషి ఒంటి నుంచి రావాలి. ఒంటికి అతుక్కుపోయే నల్లటి సూటు ఒకటి ఉంటుంది. దానికి పదిహేడు చోట్ల, కదలికను పసిగట్టే అగ్గిపెట్టెలంత డబ్బీలు. అది తొడుక్కుని మనిషి ఏం చేస్తే తెర మీద ఎముకల బొమ్మ అదే చేస్తుంది. ఆ ఎముకల మీద కల్పలత తీరిగ్గా కండలూ కవచమూ తొడుగుతుంది.

సింగ ఎముకలు యుగంధర్‌వి. గండన్న ఎముకలు యుగంధర్ అన్న హరికిషన్‌వి.

"నలభై ఒకటేండ్లొచ్చినయి. లంగోట మీద వందలమంది ముంగట నిలబడ్డ, ఎన్నడు సిగ్గుపడలే" అన్నాడు హరికిషన్ సూటు జిప్పు పైకి లాక్కుంటూ. "గిది తొడిగితే మాత్రం బరివాత నిలబడ్డట్టే ఉంటది తమ్మీ."

"కడుపు లోపలికి పీల్చన్నా, జిప్పు ఎక్కుతది."

"కడుపు కాదురా అది. మీ వదిన ప్రేమ."

యుగంధర్ నవ్వాడు కానీ ఆ నవ్వు గొంతు దాటి కిందికి దిగలేదు. ఆ రోజు శనివారం. సాయంత్రానికి ఆట మొత్తం, దాన్ని విడుదల చేసే బెంగళూరు కంపెనీకి పంపాలి. నూట నలభై పట్లు ఆరు వారాల్లో అయిపోయాయి. మిగిలింది ఒక్కటే, వంతెన దగ్గర గండన్నను పడగొట్టడం. అది లేకపోతే ఏమవుతుందో అతియా ముందే చెప్పింది. రెడీమేడ్‌గా దొరికే కదలికలు కొని అతికించాలి. అయితే ఒకే ఒంట్లో ఇద్దరి వాటం కలిస్తే చూడటానికి దరిద్రంగా ఉంటుంది కనుక, మొదటి నుంచీ గండన్నను తీసేసి మొత్తం ఆ కొన్నదాన్నే పెట్టాలి. అంటే గండన్న ఒంట్లోకి ముక్కూ ముఖం తెలియని ఏ దేశపు బాక్సరో దూరుతాడన్నమాట.

ఆ మాట విన్నప్పటి నుంచీ యుగంధర్‌కు ముద్ద దిగడం లేదు. దిగకపోవడానికి కారణం ఉంది. వాళ్ల నాన్న రాములు పహిల్వాన్ బోయిగూడలో తాలీం నడిపేవాడు. ఎర్రమట్టి పోసిన కుస్తీ గొయ్యి, మీద రేకుల కప్పు, గోడకు ఆనించిన గదలు. ఆయన పోయేనాటికి యుగంధర్‌కు ఆరేళ్లు, హరికిషన్‌కు ఇరవై మూడు. అప్పటి నుంచి తమ్ముడికి అన్నం, చదువు, కుస్తీ మూడూ అన్నే పెట్టాడు. పొద్దున అయిదింటికి చెవి పట్టుకుని లేపి మట్టిలో దించేవాడు, తర్వాత అదే మట్టి కడిగి బడికి పంపేవాడు. పగలంతా మోటర్లు చుట్టే దుకాణంలో కూర్చునేవాడు. ఆ పిల్లవాడే ఇప్పుడు అల్వాల్‌లో ఒక జిమ్‌లో కసరత్తు నేర్పుతున్నాడు. తాలీంలో మాత్రం నలుగురే శిష్యులు మిగిలారు. అందులో ఇద్దరు ఫొటోలు దిగడానికే వస్తారు. దానికి తోడు హరికిషన్ కుడి మోకాలు చెడింది. వచ్చే దసరా దాటాక మట్టిలో దిగవద్దని డాక్టరు తెగేసి చెప్పాడు.

అన్న కుస్తీ ఇక ఎక్కడా కనబడదని యుగంధర్ దిగులు పడుతున్న రోజుల్లోనే అతియా వచ్చింది. ఆమె మేనమామ నాసర్ ఒకప్పుడు రాములు శిష్యుడట, ఆయనే దారి చెప్పాడట. అప్పుడు యుగంధర్‌కు ప్రాణం లేచి వచ్చింది. అన్న మోకాలు ఏమైనా కానీ, ఏ ఊళ్లోనో ఏ పిల్లలో ఫోను పట్టుకుని ఆడుతుంటే గండన్న వంతెన దగ్గర నిలబడే ఉంటాడు. అదే అడుగు, అదే పట్టు. ఇన్నాళ్లూ ఆ సంతోషంలో పని ఉత్సాహంగా సాగింది. చివరికొచ్చి చూస్తే, అన్న అందులో ఉండాలంటే అన్నను ఎత్తి కుదేయాలి. ఇంతకన్నా తిక్క లెక్క లోకంలో ఉంటుందా?

ఒంటిగంటా అయిదు నిమిషాలకు మొదలుపెట్టారు. గదంతా మెత్తటి పరుపులు పరిచి ఉన్నాయి. అతియా చేతిలో గంట, కల్పలత తెర ముందు. పట్టు ధోబీపఛాడ్. ఎదుటివాడి చేతిని భుజం మీదికి లాక్కుని, నడుము వంచి, బండ మీద బట్ట ఉతికినట్టు అతణ్ణి తల మీదుగా తెచ్చి పడేయడం. యుగంధర్‌కు అది కొట్టినపిండి.

మొదటిసారి హరికిషన్ సగం లేచి మళ్లీ కాళ్ల మీదే నిలబడ్డాడు. రెండోసారి ఇద్దరూ పక్కకు ఒరిగారు. మూడోసారి యుగంధర్ అన్నను ఎత్తాడు గానీ, గాజు సామాను దించినట్టు మెల్లగా పరుపు మీద దించాడు.

"యుగంధర్ భాయ్," అంది అతియా నడుము మీద చెయ్యి పెట్టుకుని, "మీరు గండన్నను పడగొడుతున్నరా, పండబెడుతున్నరా? జోలపాట సుత రికార్డు చెయ్యమంటరా?"

కల్పలత తెర వెనక ముఖం దాచుకుని నవ్వింది. హరికిషన్ కూడా నవ్వాడు. నాలుగు, అయిదు, ఆరు అయ్యేసరికి నవ్వులు తగ్గాయి. తొమ్మిదోసారికి ఎవరూ నవ్వడం లేదు. గోడ గడియారంలో రెండున్నర దాటింది.

"ఏందిరా తమ్మీ, ఏమైంది నీకు?" అన్నాడు హరికిషన్ చెమట తుడుచుకుంటూ. "పొద్దుగాల తినలేదా?"

"తిన్ననన్నా. చెయ్యి జారుతున్నది. ఈ సూటుతోనే తక్లీఫ్."

పాపం సూటు, దానికి నోరు లేదు గనక సరిపోయింది. కల్పలతకు మాత్రం నోరు ఉంది, పైగా తన పని మీద ఆమెకు మహా ప్రేమ. తొమ్మిదిసార్లు తీసినదంతా ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసి, పరీక్షలో లెక్క తేలిన పిల్లలా కుర్చీలోంచి లేచింది.

"దొరికింది! చెయ్యి కాదు, కాలు. ఇటు రండి, చూపిస్తా" అంది. తెర మీద రెండు ఎముకల బొమ్మలు ఒకదాన్నొకటి పట్టుకుని ఆగి ఉన్నాయి. "ఇక్కడ అన్న బ్యాలెన్సు మొత్తం పోయింది. ఇంక ఎత్తేసుడే. కరెక్టుగ అప్పుడే యుగంధర్ గారి ఎడమ కాలు వెనక్కి పోతున్నది. దాంతో జోరంతా గాయబ్. తొమ్మిదిసార్లూ ఇదే."

"అంటే తప్పడుగు పడుతున్నదన్నట్టు" అన్నాడు హరికిషన్.

"అట్లనే అనుకున్న. అలవాటేమోనని పాత రికార్డింగులు సుత చూసిన. ఆరు వారాలల్ల మీరు ఊరికె కుస్తీ పట్టినయి ఉన్నయి గదా, అవి. ముప్ఫై ఒక్కసారి అన్నను పడేసే టైమొచ్చింది. ముప్ఫై ఒక్కసారి కాలు వెనక్కే పోయింది. వేరే పట్లల్ల, ఒక్కడే చేసినప్పుడు, ఒక్కసారి సుత పోలే."

అమాయకంగా అంతా చెప్పేసి, శభాష్ అంటారేమోనని అందరి ముఖాలూ చూసింది. ఎవరూ అనలేదు. యుగంధర్ తెర మీంచి చూపు తిప్పుకున్నాడు. హరికిషన్ తెరకు దగ్గరగా జరిగి, ఆ ఎముకల బొమ్మ కాలినే చూస్తూ నిలబడ్డాడు. మనిషి ముఖం, కండ, చెమట ఏమీ లేవు అందులో. అబద్ధం ఒక్కటే ఒంటరిగా కనిపిస్తున్నది.

"మళ్లొకసారి తిప్పు బిడ్డా" అన్నాడు. కల్పలత తిప్పింది. ఆయన చూశాడు. తర్వాత తలుపు తీసుకుని మెట్ల మీదికి వెళ్లిపోయాడు.

యుగంధర్ వెనకే పరుగెత్తాడు. మెట్లన్నీ గోధుమపిండి వాసన. మూడో మెట్టు మీద హరికిషన్ కూర్చుని ఉన్నాడు, ఆ నల్ల సూటులోనే. కింద గిర్ని ముందు డబ్బాలతో, సంచులతో వచ్చినవాళ్లు తలెత్తి ఆయన్నే వింతగా చూస్తున్నారు. ఆయనకు ఆ ధ్యాస లేదు.

"ఎప్పటి సంది?" అన్నాడు.

"అన్నా..."

"ఎప్పటి సంది అని అడుగుతున్న."

"మోకాలు వాచిన కాడి నుంచి" అన్నాడు యుగంధర్. "రెండేండ్లు."

"రెండేండ్లు!" హరికిషన్ రెండు చేతులూ తల మీద పెట్టుకున్నాడు. "రెండేండ్ల సంది నేను గెలుస్తున్న అనుకుంటున్న. ఇంటికి పోయి మీ వదినకు చెప్పుకుంటున్న. భవానీ, ఇయ్యాల సుత వాణ్ణి పడేసిన, ముసలోణ్ణి కాలేదు నేను అని. రెండు గుడ్లు ఎక్కువ పెట్టించుకుని తింటున్న!"

"వదినకు తెలుసన్నా."

"ఏందీ?"

"వదిననే చెప్పింది. మీ అన్న మోకాలు మంచిగ లేదు, జెర మెల్లగ పట్టు అని."

హరికిషన్ తల మీది చేతులు దించాడు. "గుడ్లు సుత తెలిసే పెట్టిందన్నట్టు" అని గొణిగాడు. వేరే రోజైతే యుగంధర్ పగలబడి నవ్వేవాడే. ఇప్పుడు మాత్రం ఏడుపు తన్నుకొస్తున్నది. అన్న పక్కన, ఒక మెట్టు కింద కూర్చున్నాడు.

"నీకు దెబ్బ తగుల్తదని భయమన్నా. అంతే. వేరే ఏం లేదు."

"నాకు పడుడు రాదా? నీకు పడుడు నేర్పిందెవరు?"

"నువ్వే."

"మరి?" హరికిషన్ గొంతులో కోపం పోయింది, అంతకన్నా బరువైనదేదో వచ్చింది. "ఇను తమ్మీ. పద్దెనిమిదేండ్లు నేర్పిన నీకు. నాయిన నాకిచ్చిందంత నీకు పోసిన. అది నీకు అందిందా లేదా అని నాకెట్ల తెల్వాలె? బయటోళ్లను పడేస్తే తెల్వది, వాళ్లెట్లోళ్లో ఏమో. నన్ను పడేస్తేనే నాకు తెలుస్తది. పొద్దున లేస్తే అదే చూస్తున్న. ఇంకా వస్తలేదు, ఇంకా వస్తలేదు, నాదే ఏదో తక్కువైంది, నాకు నేర్పుడు రాలేదు అని మనసుల కుములుతున్న. నువ్వేమో కాలు వెనక్కి తీస్తున్నవ్."

యుగంధర్ తలెత్తి అన్న ముఖం చూశాడు. తను దాస్తున్నది అన్న నొప్పి అనుకున్నాడు ఇన్నాళ్లూ. అన్నకు రావాల్సిన గెలుపునే దాచేశానని ఇప్పుడు తెలిసి, తన మీద తనకే అసహ్యం వేసింది. కాళ్లు పట్టుకుందామా అనుకున్నాడు. అన్నకు అది నచ్చదని ఊరుకున్నాడు.

సరిగ్గా అప్పుడే గిర్నిలోంచి సోమయ్య వచ్చాడు. నెత్తి నుంచి కాళ్ల దాకా తెల్లగా ఉన్నాడు, కళ్లు మాత్రం నిద్రతో ఎర్రగా. "మూడయింది పహిల్వాన్. మోటరు ఏస్తున్న."

"పది నిమిషాలాగు సోమయ్యా."

"లైను చూస్తున్నవా? నన్ను బతకనిస్తరా?"

"నీ మోటరు కాలినప్పుడల్లా చుట్టి ఇచ్చేదెవరు?"

సోమయ్య బుర్ర గోక్కున్నాడు. వెనక నుంచి పుష్పమ్మ అనే పెద్దావిడ గోధుమల డబ్బా కింద పెట్టి కేకేసింది. "ఏందయ్యా పది నిమిషాలు? పైన ఏం నడుస్తున్నది అసలు?"

"కుస్తీ, అమ్మా" అన్నాడు హరికిషన్ లేస్తూ. "వీడు నన్ను పడగొట్టాలె."

"నిన్నా?" పుష్పమ్మ ఆయన్ను కిందికీ మీదికీ చూసింది. "గట్లయితే నేను సుత చూస్త."

ఇంక ఆపేవాళ్లెవరు? సోమయ్య, పుష్పమ్మ, ఆమె వెనక మరో నలుగురు డబ్బాలవాళ్లు మెట్లెక్కి వచ్చి గోడ పొడుగునా నిలబడ్డారు. అతియా కంగారు పడింది గానీ హరికిషన్ ముఖం చూసి ఊరుకుంది. కల్పలత రికార్డింగు మొదలుపెట్టి, చేసిన ఘనకార్యానికి గోళ్లు కొరుక్కుంటూ కూర్చుంది.

అన్నదమ్ములిద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు. హరికిషన్ తొడ చరిచాడు. పరుపుల గదిలో కూడా ఆ చప్పుడు తాలీం రేకుల కింద మోగినట్టే మోగింది.

"కాలు" అన్నాడు ఒక్క మాట.

గంట కొట్టింది అతియా. ఈసారి హరికిషన్ ఏ మాత్రం దయ తలచలేదు. మోకాలు ఎటుపోయిందో గానీ, పాత హరికిషన్ వచ్చి మీద పడ్డాడు. మెడ మీద చెయ్యి వేసి కిందికి లాగాడు, నడుము పట్టి పక్కకు తిప్పాడు. యుగంధర్ రెండుసార్లు మోకాళ్ల మీదికి వచ్చి, రెండుసార్లూ జారి లేచాడు. పుష్పమ్మ "అబ్బో" అంది. యుగంధర్ మనసులో భయం ఇంకా ఉంది. అది పోతుందని ఎదురుచూసి లాభం లేదని అర్థమైంది. భయం ఉండగానే అన్న కుడిచెయ్యి దొరకబుచ్చుకున్నాడు, భుజం మీదికి లాక్కున్నాడు, వంగాడు. ఎడమ కాలు అలవాటు కొద్దీ వెనక్కి పోబోయింది. దాన్ని బలవంతాన ముందుకు వేసి తొక్కిపెట్టాడు. అన్న బరువంతా ఒక్కసారి వీపు మీదికి వచ్చింది. ఆ బరువు అతనికి తెలుసు. చిన్నప్పుడు జ్వరం వచ్చినప్పుడు, బడికి ఆలస్యమైనప్పుడు ఆ వీపు తనను మోసింది. ఇప్పుడు తను మోశాడు, తల మీదుగా తెచ్చాడు, వదిలాడు.

ధభీమని పడ్డాడు హరికిషన్. వీపు మొత్తం, భుజాలు రెండూ పరుపుకు అంటుకున్నాయి. కిటికీ అద్దాలు గలగలలాడాయి. తెర మీద గండన్న ఎముకలు వెల్లకిలా పరుచుకున్నాయి.

"వచ్చింది!" అని అరిచింది కల్పలత. "మొత్తం వచ్చింది!"

డబ్బాలవాళ్లు చప్పట్లు కొట్టారు. సోమయ్య చప్పట్లకు పిండి మేఘంలా లేచింది. హరికిషన్ మాత్రం లేవలేదు. వెల్లకిలా, కళ్లు తెరిచి, పైకప్పు వంక చూస్తున్నాడు. చప్పట్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

"అన్నా, దెబ్బ తగిలిందా? యా అల్లా, నీళ్లు తేనా?" అంటూ అతియా ముందుకు వచ్చింది.

"తగల్లేదు, ఆగండి" అన్నాడు యుగంధర్. అన్న ఎందుకు లేవడం లేదో ఆ గదిలో అతనొక్కడికే తెలుసు. వాళ్ల తాలీంలో పడినవాడు తనంతట తాను లేవకూడదు. పడగొట్టినవాడు పక్కన కూర్చుని, నువ్వు చేసిన తప్పు ఇది అని చెప్పాలి. అది విన్నాకే లేవాలి. రాములు పెట్టిన రివాజు అది. పద్దెనిమిదేళ్లుగా పడుకుని వినేది యుగంధర్, కూర్చుని చెప్పేది హరికిషన్. ఉస్తాద్‌కు తప్పు చెప్పిన శిష్యుడు ఆ తాలీంలో ఇంతవరకూ లేడు.

యుగంధర్ అన్న తల పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"చెప్పు" అన్నాడు హరికిషన్ పైకప్పు వైపే చూస్తూ.

"నేనెట్ల చెప్తనన్నా నీకు?"

"పడగొట్టినోడే చెప్తడు. చెప్పు, నడుము పట్టేస్తున్నది."

యుగంధర్ కళ్లు మూసుకుని ఆ క్షణాన్ని మళ్లీ చూసుకున్నాడు. అన్న చెయ్యి, అన్న అడుగు, తన భుజం. అప్పుడు కనబడింది. నిజంగానే ఒక తప్పు ఉంది. నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

"గాలిల లేచినప్పుడు నీ ఎడమ చెయ్యి ఖాళీగ ఉండెనన్నా. దాంతోని నా నడుము పట్టుకుంటే ఇద్దరం పడేటోళ్లం, నీ వీపు తగలకపోవు. నువ్వు పట్టుకోలే. నా మెడ వెనక పెట్టినవ్. నా మెడ ఇరుగుతదేమో అని."

హరికిషన్ తన ఎడమ చేతిని ముఖం ముందుకు తెచ్చుకుని, అది ఎవరిదో అన్నట్టు అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. తర్వాత కడుపు కదిలేలా, పరుపులు కదిలేలా నవ్వాడు. నవ్వుతుంటే కళ్ల కొసల నుంచి నీళ్లు చెవుల్లోకి కారాయి, తుడుచుకోలేదు. యుగంధర్ చెయ్యి అందించాడు. అది పట్టుకుని లేచి, మోకాలు ఒకసారి విదిలించి, మళ్లీ పరుపు మధ్యకు వెళ్లి కాళ్లు ఎడం చేసి నిలబడ్డాడు.

"షురూ చెయ్యి."

"అయిపోయిందన్నా," అంది కల్పలత తెర వైపు చూపిస్తూ. "చాలా బాగొచ్చింది. మాకింక అక్కర్లేదు."

"మీకొచ్చింది బిడ్డా," అన్నాడు హరికిషన్ తమ్ముడి ముందు భుజాలు వంచి. "నాకింకా రాలే. ఉస్తాద్ తప్పు చెప్పిండు గదా, దిద్దుకోవద్దా?"